సగం దించిన షట్టరు

మా ఎలక్ట్రానిక్స్ ల్యాబులో మనిషి లేని చోట ఫ్యాను తిరుగుతుంటే అనూరాధకి తిండి సయించేది కాదు. పక్క బ్లాకులో పాఠం జరుగుతున్నా సరే, పిల్లలంతా ముందు బెంచీల్లోనే ఉన్నారని కనిపెడితే చాలు, వెళ్లి వెనక ఫ్యాన్లు కట్టేసి వచ్చేది. లెక్చరర్లకి అది ఒళ్లుమంట. ల్యాబ్ అసిస్టెంటు వచ్చి తన క్లాసులో స్విచ్చులు నొక్కడమేమిటని ఒకాయన ప్రిన్సిపాలుకి కాగితం కూడా పెట్టాడు. ప్రిన్సిపాలు పిలిచి అడిగితే, "గాలి తగలడానికి అక్కడ మనిషి లేడు కదండీ" అని ఊరుకుంది. తర్వాత ప్రిన్సిపాలు గారే తన గది దాటి బయటికి వెళ్లేటప్పుడు ఏసీ కట్టేయడం నేను చూశాను.

నా పేరు జగన్నాధం. కొత్తవలస రోడ్డులో ఉన్న ఆ ప్రైవేటు ఇంజినీరింగు కాలేజీలో ఇరవై రెండేళ్లు ల్యాబ్ టెక్నీషియనుగా చేశాను. ల్యాబు తాళాలు నా దగ్గరే ఉండేవి. ఆ తాళాల గుత్తి చూసుకుని నేను కొంచెం విర్రవీగేవాణ్ణన్న మాట నిజం. అనూరాధ 2009లో నా కింద చేరింది. "నా కింద" అని ఇప్పటికీ అంటుంటాను గానీ, ఎవరు ఎవరి దగ్గర నేర్చుకున్నారన్నది ఈ కథ చివరికి మీకే తెలుస్తుంది.

ఆమె విజయనగరం గంటస్తంభం దగ్గర స్టీలు సామాన్ల కొట్టున్న కాశీవిశ్వనాథం గారి రెండో కూతురు. చిన్నప్పుడు బడి లేని రోజుల్లో కొట్లో స్టూలు మీద కూర్చోబెట్టేవారట. మూతల సైజులు కలపడం, గిన్నెకి గిన్నె దొంతర పెట్టడం ఆమె పని. పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చేస్తానంటే ఇంట్లో అందరూ నవ్వారు, తండ్రి ఒక్కడే నవ్వలేదు. ఆయన లెక్క ఏమిటంటే, మూత సరిగ్గా కలపగలిగిన పిల్ల ఏదైనా కలపగలదు. ఆమె హ్యాండుబ్యాగులో కుంకుమ భరిణె, బస్సు పాసు, మల్టీమీటరు ఎప్పుడూ ఉండేవి. ఆటోలో హారను మోగకపోతే ఆటోవాడి చేత బండి ఆపించి, మీటరు పెట్టి చూసేది. పెళ్లి సంగతి ఎవరైనా ఎత్తితే, "ముందు మీ ఇంట్లో ఫ్రిజ్జు తలుపు సరిగ్గా పడుతోందో లేదో చూసుకోండి" అని మాట మార్చేసేది.

ఇప్పుడు మా చెల్లెలి సంగతి చెప్పాలి. మా నాన్న పూరీ వెళ్లొచ్చాక పుట్టామని నాకు జగన్నాధమనీ దానికి జగ్గమ్మ అనీ పేర్లు పెట్టాడు. దాన్ని రామతీర్థం అవతల ఒక చిన్న ఊళ్లో లక్ష్ముడికిచ్చాం. లక్ష్ముడికి ఎకరం వరి ఉంది గానీ, ఇల్లు గడిచేది మాత్రం పంచాయతీ ఇచ్చే జీతంతోనే. ఊరి వాటర్ ట్యాంకు అతని చేతిలో ఉండేది. తెల్లారగానే ఇనప నిచ్చెనెక్కి, ట్యాంకులో ఎంత నీరుందో చూసి, దిగి, మోటారు వేసి, నాలుగు వీధుల వాల్వులూ వంతుల ప్రకారం తిప్పేవాడు. పద్నాలుగేళ్లు అలాగే చేశాడు. ఏ వీధిలో ఎవరింట్లో పెళ్లో, ఎవరింట్లో పురుడో చూసుకుని ఆ పూట ఆ వీధికి ఒక బిందె ఎక్కువే పారించేవాడు.

హుద్‌హుద్ తుపానుకి ఆ నిచ్చెన కింది మెట్టు ఊడింది. మర్నాడు తడి ఆరకుండానే ఎక్కబోయి లక్ష్ముడు జారిపడ్డాడు. మోకాలు చిప్ప పగిలింది. కట్టు కట్టారు, అతికింది, నడక వచ్చింది. నిచ్చెన మాత్రం మరి ఎక్కలేనని అతనికీ తెలిసిపోయింది. మూడు నెలలపాటు మా చెల్లెలు చీర దోపుకుని ఎక్కింది. ఒకరోజు ప్రెసిడెంటు నరసింగరావు కంటపడింది. ఆమె పడితే ఎవరిది పూచీ అని ఆయన కేకలేశాడు. కోపం వచ్చింది గానీ, ఆ మాటలో తప్పేమీ లేదు.

జగ్గమ్మ మా ఇంటికి వచ్చి గుమ్మంలోనే కూలబడింది.

"అన్నియ్యా, మెట్లెక్కనేని మడిసి ట్యాంకుకెందుకని ప్రెసిడెంటు అనేసినాడు. సంకురాత్రి ఎల్లేక ఇంకో కుర్రోణ్ని పెట్టేస్తాడట. మీ బావ బువ్వ తినడం నేదు. నీకు కరెంటు పన్లు తెలుసు కదా, ఏటో ఒకటి సెయ్యి."

చేశాను. నాకు అంతకంటే గొప్ప అవకాశం దొరకదనుకున్నాను కూడా. ట్యాంకు మూత కింద ఒక పెట్టె బిగిస్తాను. అది నీటి మీదికి చిన్న శబ్దం పంపిస్తుంది. ఆ శబ్దం నీటికి తగిలి వెనక్కి వచ్చేలోపు ఎన్ని టిక్కులు పడ్డాయో లెక్కపెట్టి, నీరు ఎంత లోతున ఉందో తేలుస్తుంది. పది నిమిషాలకోసారి ఆ లెక్కని రేడియోలో కింద పంపుహౌసుకి చెబుతుంది. కింద ఇంకో పెట్టెలో అంకె కనిపిస్తుంది. లక్ష్ముడు నేల మీద నిలబడే ట్యాంకులో నీరెంతో చూసుకోవచ్చు. ఆ సంగతి వినగానే ప్రెసిడెంటు కుర్రాణ్ణి పెట్టే ఆలోచన ఆపాడు.

పైకి కరెంటు వైరు లాగుదామంటే రామతీర్థం కొండ కోతులు ఆ ఊరి మీద కూడా ఉంటాయి. వీధి లైటు వైర్లే పీకి ఉయ్యాలలూగుతాయి. బడి మీద పెట్టిన సోలారు పలకని రెండు రోజుల్లో విరగ్గొట్టాయి. అందుకని గట్టి ఇనప పెట్టెలో టార్చిలైటు బ్యాటరీలు వేసి మూసేశాను. పెట్టె బ్రహ్మాండంగా పనిచేసింది. పదకొండు రోజులు పనిచేసింది.

పన్నెండో రోజు అంకె ఆరిపోయింది. బ్యాటరీలు మార్చడానికి నేనే నిచ్చెన ఎక్కాను. యాభై రెండేళ్ల వాణ్ణి, సగం పైకెళ్లాక కింద జగ్గమ్మ ఏడుపు వినపడింది. ఇంకో పదకొండు రోజులకి మళ్లీ ఎక్కాను. నిచ్చెన ఎక్కే పని తప్పించడానికి పెట్టిన పెట్టె కోసం నిచ్చెన ఎక్కుతున్నానని ఊరంతా నవ్వుకున్నారు. మూడోసారి పెట్టెని ఊడదీసి, సంచిలో వేసుకుని, ల్యాబుకి తెచ్చి బల్ల మీద పడేశాను.

అనూరాధ అడక్కుండానే మీటరు తీసింది. నేను అటు తిరిగి రిజిస్టరు రాస్తున్నట్టు నటించాను.

"మాస్టారూ, ఇది పని చేసేటప్పుడు పందొమ్మిది మిల్లీ ఆంపియర్లు తాగుతోంది."

"తాగుతుంది మరి. పని చెయ్యద్దూ?"

"పని చెయ్యనప్పుడు కూడా పందొమ్మిదే."

నేను నమ్మలేదు. రేడియోని పని లేనప్పుడు కట్టేసే ఏర్పాటు నేను ముందే చేశాను. ఆ మాటే గట్టిగా చెప్పాను. ఆమె మీటరు నా ముందుకు జరిపింది. అంకె పందొమ్మిది దగ్గరే నిలబడి ఉంది.

సర్క్యూట్లో క్లాకు అంటే ముళ్లున్న గడియారం కాదు. సెకనుకి లక్షల టిక్కులు కొట్టే ఒక తీగ. ఒక్కో టిక్కుకీ చిప్పులన్నీ ఒక్కసారే ఒక అడుగు వేస్తాయి. మావైపు తప్పెటగుళ్ల వాళ్లు దరువుకి అందరూ కలిసి గెంతుతారే, అలాగన్నమాట. దరువు లేకుండా గెంతితే ఎవరి అడుగు వాళ్లదైపోతుంది, అందుకని క్లాకు కావాలి. కానీ అడుగడుక్కీ చిప్పు కాస్త కరెంటు తాగుతుంది. నా పెట్టెలో ఇరవై మూడు చిప్పులు. పదినిమిషాలకోసారి అర సెకను పని. మిగతా కాలమంతా పనీపాటా లేకుండా ఇరవై మూడూ దరువుకి గెంతుతూనే ఉన్నాయి. నా చేత్తో కట్టిన పెట్టె, నాకే తోచలేదు.

"కరెంటే ఆపేద్దాం చిప్పులకి," అన్నాను.

"వద్దండి. కరెంటు తీస్తే వాటికి గుర్తున్నదంతా పోతాది. టిక్కు ఆపితే చాలు. గుర్తున్నది గుర్తున్నట్టే ఉంటాది, తాగడం మానేస్తాయి."

చేతి గడియారంలో ఉండే చిన్న క్రిస్టలు ఒకటి పెట్టింది. అది నెమ్మదిగా పది నిమిషాలు లెక్కపెట్టుకుంటుంది. పదో నిమిషానికి తలుపు తెరుస్తుంది, పెద్ద క్లాకు టిక్కులు అప్పుడు చిప్పులకి చేరతాయి. పని అయిపోగానే తలుపు మూసేస్తుంది. తలుపు అంటే ఒక చిన్న గేటు చిప్పు, అంతే. మీటరులో అంకె పందొమ్మిది నుంచి ఒకటిన్నరకి దిగింది. నేను మూడుసార్లు మీటరు తీసి పెట్టి చూశాను. నాకు సంతోషమూ వేసింది, కడుపుమంటా వేసింది. ఇందులో దాచడానికేముంది.

"ఒక వారం బల్ల మీద తిరగనివ్వండి మాస్టారూ," అంది.

నేను ఆగలేదు. అక్కడ ప్రెసిడెంటు రోజూ అడుగుతున్నాడని జగ్గమ్మ ఫోను మీద ఫోను. మర్నాడే పట్టుకెళ్లి బిగించేశాను.

తొమ్మిది రోజులు బాగానే నడిచింది. పదో రోజు పొద్దున్న లక్ష్ముడు ఫోను చేశాడు.

"బావా, పెట్టేమో ట్యాంకు నిండిపోనాదని సూపిస్తంది. పైపు మీద స్పేనరుతో కొట్టి సూసినాను, బోలుగా మోగతంది. నీల్లు నేవు బావా. మోటారేసెయ్యమంటావా?"

ఆ పైపు మీద కొట్టి చూడటం అతని అలవాటు. ఖాళీయో కాదో దానితో తెలుస్తుంది గానీ కచ్చితంగా ఎంత ఉందో తెలియదు. నేను ఏమన్నానంటే, "నీ స్పేనరు కన్నా నా మిషను నమ్మకస్తురాలు. నిండిందని చెబుతుంటే మోటారేస్తే పొంగి పోతుంది. నోరుమూసుకుని కూర్చో" అన్నాను. అచ్చంగా ఆ మాటే అన్నాను. అతను మోటారు వెయ్యలేదు.

ఆరోజు నాలుగు వీధుల్లోనూ చుక్క నీరు రాలేదు. బడిలో మధ్యాహ్న భోజనం వండలేదు. మర్నాడు ప్రెసిడెంటు పంపుహౌసు ముందే అందరి ఎదుటా లక్ష్ముణ్ణి కడిగేశాడు. మిషను చెడితే చెడింది, మనిషికి బుద్ధి లేదా, ఖాళీ ట్యాంకు తెలుసుకోలేనివాడు ఎందుకు, ఈ నెలాఖరు ఆఖరు అన్నాడు. లక్ష్ముడు నా పేరు చెప్పలేదు. నేను అక్కడే ఉన్నాను, నేనూ చెప్పలేదు.

పెట్టె ఊడదీసుకుని విజయనగరంలో బస్సు దిగేసరికి మధ్యాహ్నం ఒంటిగంటన్నర దాటింది. ఖాళీ ట్యాంకుని పెట్టె నిండిందని చూపించిందని ముందురోజే అనూరాధకి ఫోనులో చెప్పాను. ఆదివారం కాబట్టి ఆమె కొట్లో ఉంటుందని తెలుసు. గంటస్తంభం దగ్గర కొట్లన్నీ భోజనాలకి కట్టేసే వేళ. కాశీవిశ్వనాథం గారి షట్టరు అప్పటికే సగం దిగి ఉంది. వాళ్ల పద్ధతి అది. వేళ కాగానే షట్టరు సగం దించుతారు. లోపలున్నవాళ్లు తీరిగ్గా బేరం చేసుకోవచ్చు, బయటనుంచి కొత్తవాళ్లు రాకూడదు. లోపల ఒకామె ఇంకా బిందె తిప్పి తిప్పి చూస్తోంది. ఆమె బిందె తీసుకుని వంగి బయటికి వచ్చింది. ఆ వెనకే ఆయన మిగతా సగం దించబోయాడు. నేను అప్పుడే సంచితో సహా వంగి దూరాను. తల లోపల, నడుమూ సంచీ బయట. షట్టరు నా వీపు మీద ఆగింది.

"ఏటండీ జగన్నాధం గారూ! వస్తే లోపలికి రండి, నేకపోతే బయటుండండి. గుమ్మంలో సగానుంటే నేనెలా దించేది?" అని ఆయన విసుక్కున్నాడు.

"వీపు మీంచి ముందు షట్టరు తియ్యండి మహాప్రభో!" అన్నాను.

గల్లాపెట్టె దగ్గర కూర్చున్న అనూరాధ లేచి వచ్చింది. నన్ను లేపుతుందనుకున్నాను. లేపలేదు. అలాగే నిలబడి నావైపే చూస్తోంది.

"మాస్టారూ, ఒక్క నిముషం అలాగే ఉండండి."

"ఏమిటమ్మా ఉండేది! నడుం విరిగిపోతోంది!"

"అర టిక్కు," అంది. "టిక్కు సగంలో ఉండగా నా గేటు మూసుకుపోతోంది. సగం తెగిన టిక్కు లోపలికెళ్తోంది. కొన్ని చిప్పులు దాన్ని లెక్కేస్తున్నాయి, కొన్ని వెయ్యట్లేదు. అందుకే లెక్క గెంతేసింది. నాన్నా, వెనకనుంచి ఆయన్ని లాగు."

లోపల కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చాక జరిగిందంతా చెప్పించుకుంది. లక్ష్ముడు స్పేనరుతో కొట్టి చూడటం, నేను ఫోనులో అన్న మాట, అన్నీ చెప్పేశాను. "తప్పు నా గేటుది మాస్టారూ. చిన్నప్పట్నించీ ఈ షట్టరు చూస్తూ పెరిగాను, నాకెందుకు తట్టలేదో" అంది. కాశీవిశ్వనాథం గారు మాత్రం, "దించమని గడియారం చెప్తాదమ్మా, దించేది మాత్రం గుమ్మం ఖాళీ అయ్యాకే" అన్నాడు, కొట్టు సంగతే చెబుతూ.

ఆమె చేసింది కూడా సరిగ్గా అదే. గేటుకి ముందు ఇంకో చిన్న చిప్పు కలిపింది. తలుపు మూయమన్న మాట ఎప్పుడొచ్చినా అది పట్టుకుని ఉంచుతుంది. టిక్కు పూర్తిగా అయిపోయాకే ఆ మాటని గేటుకి అందిస్తుంది. తెరవడమూ అంతే. ఈసారి నేను తొందరపెట్టలేదు. పది నిమిషాలకోసారి కాకుండా సెకనుకోసారి కొలిచేలా మార్చి, వారం రోజులు బల్ల మీద తిప్పాం. రోజుకి ఎనభై ఆరు వేల చిల్లర కొలతలు. ఒక్కటీ తప్పలేదు. నెలాఖరుకి రెండు రోజులుందనగా నిచ్చెనెక్కి బిగించాను. ప్రెసిడెంటు, సరే చూద్దాం అన్నాడు.

ఏప్రిల్ గడిచింది. ఎండలు, వానలు, ఆకుమళ్లు, నాట్లు అన్నీ గడిచాయి. పెట్టె ఒక్కసారి కూడా అబద్ధం చెప్పలేదు. నాలుగున్నర నెలలకి బ్యాటరీలు నీరసించాయి. సెప్టెంబరులో వాటిని మార్చడానికి వెళ్లినప్పుడు అనూరాధ కూడా వస్తానంది. ప్రెసిడెంటు నరసింగరావు కూడా పంపుహౌసు దగ్గరికి వచ్చాడు. పెట్టెని మెచ్చుకున్నాడు. తర్వాత అసలు మాట అన్నాడు.

"ఇంత బాగా పంజేస్తన్నాది కదా, మరి మోటారుకి కూడా కలిపెయ్యండి. నీల్లు తగ్గితే అదే ఏసుకుంటాది. ఇంకీ లక్ష్ముడితో పనేటి?"

లక్ష్ముడు తువ్వాలు రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డాడు. జగ్గమ్మ నా మొహం చూసింది. నేను అనూరాధ మొహం చూశాను.

"కలపొచ్చండి," అంది అనూరాధ.

ఈ పిల్ల అబద్ధం చెప్పదని తెలుసు గానీ, నిజం చెప్పడానికి ఇదా సమయం! ఇంకొంచెం ఉంటే అక్కడే అరిచేసేవాణ్ణి.

"వాల్వులు కూడా కరెంటుతో తిరిగేవి దొరుకుతాయి. అన్నీ పెట్టించుకోవచ్చు," అని ఆగింది. "కానీ ఒకటండి. ఆ పెట్టెలో ఇరవై అయిదు చిప్పులున్నాయి. రోజు మొత్తం మీద వాటికి రెండు నిమిషాల పని కూడా లేదు. నేను ఒక్కటి కూడా పీకలేదు. పని లేనప్పుడు ఊరుకోనిచ్చాను, అంతే. పీకేస్తే, అవసరం పడ్డప్పుడు ఎవరు లెక్కేస్తారు?"

"మడిసి సంగతి వేరు," అన్నాడు ప్రెసిడెంటు. "అవసరం పడ్డప్పుడు ఈడేటి సేసినాడు? ఖాళీ ట్యాంకు పెట్టుకుని ఊరుని ఎండగట్టినాడు."

అనూరాధ నావైపు తిరిగింది.

"మాస్టారూ, ఆరోజు ట్యాంకు ఖాళీ అని ముందు ఎవరు చెప్పారు?"

అంతే అడిగింది. అయిదు నెలలుగా మింగి కూర్చున్న మాట అది. లక్ష్ముడు తల అడ్డంగా ఊపుతున్నాడు, వద్దు బావా అన్నట్టు. అది చూశాకే నాకు సిగ్గు ముంచుకొచ్చింది.

"లక్ష్ముడే చెప్పాడండి," అన్నాను. "పైపు కొట్టి చూసి, నీళ్లు లేవు, మోటారు వేస్తానన్నాడు. నేనే వద్దన్నాను. నా మిషను తప్పు చెప్పదన్నాను. మీరు తిట్టిన రోజు నేను ఇక్కడే ఉండి నోరు విప్పలేదు. తప్పు నాది."

జగ్గమ్మ ఏడుస్తూ, "అన్నియ్యా!" అంది. అందులో కోపం ఎంతో, ఊరట ఎంతో నాకు తెలియలేదు. ప్రెసిడెంటు పైపు దగ్గరికెళ్లి, స్పేనరు తీసుకుని తనే ఒకసారి కొట్టాడు. బరువుగా మోగింది.

"ఇలా మోగితే నిండినట్టేటిరా?"

"సగానికి పైన ఉన్నాది బాబూ," అన్నాడు లక్ష్ముడు.

కింద పెట్టెలో అంకె చూశారు. నూటికి అరవై రెండు పాళ్లు. ప్రెసిడెంటు స్పేనరు లక్ష్ముడి చేతికిచ్చి, మోటారు మాట మళ్లీ ఎత్తకుండా వెళ్లిపోయాడు.

పెట్టె ఎలా వాడాలో ఒక కాగితం రాసి గోడకి అంటించాలి కదా, అది అనూరాధ అక్కడే కూర్చుని రాసింది. కాలేజీలో ఎన్ని పెట్టెలు చేసినా కాగితం మీద ఆమె పేరు ఉండేది కాదు. పైవాళ్లే సంతకాలు పెట్టుకునేవారు. ఈ కాగితానికి మాత్రం కింద పొట్నూరి అనూరాధ అని స్పష్టంగా సంతకం పెట్టింది. నేను రిటైరయ్యాను, కాగితం పసుపు రంగుకి తిరిగింది, అయినా పంపుహౌసు గోడకి ఇంకా ఉంది. బ్యాటరీలు నాలుగు నెలలకోసారి మార్చాలని మొదటి వరసలో ఉంటుంది. రెండో వరస ఇది: పెట్టె చెప్పినదీ లక్ష్ముడు చెప్పినదీ వేరుగా ఉంటే, లక్ష్ముడి మాట వినాలి.